బొట్టు పెట్టిన రోబో

నిన్న తిరుమలగిరిలో ఒక బడిలో జరిగిన రోబోల పోటీకి పరీక్షకుడిగా వెళ్ళాను. గదిలో అడుగుపెట్టగానే టంకం కాలిన పొగ గొంతుకు తగిలింది. పిల్లలు ఇంటర్నెట్‌లో దొరికిందంతా చిలకల్లా అప్పజెప్పారు. నా చేతిలోని కాగితం మీద 'కలిసి పనిచేయడం', 'సమాచార సేకరణ' అని రెండు గళ్ళు. వాటిని నింపుతూ అలసిపోయాను. విశాలాక్షి మేడం అయితే ఆ పిల్లలను అంత తేలిగ్గా వదిలేవారు కాదు.

నగరమంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజుల్లో ఆమె మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. శ్రీకాకుళం నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో ఉండేవారు. దేవుణ్ణి నమ్మరు, ఆ సంగతి దాచరు కూడా. నాకు ఆమె అంటే గురి అందుకే. ఎవరి పని గురించి వాళ్ళను అడగకపోవడం ఆమె పద్ధతి. మోటార్లు బిగించినవాణ్ణి ప్రోగ్రాం గురించి అడిగేవారు. పక్కవాడు చెప్పాడంటే, "నువ్వు చూసేవేటి?" అనేవారు.

నల్ల గీత వెంట నడిచే చిన్న బండి మాది. నేను, నజీర్, పద్మ కలిసి చేశాం. ఆయుధపూజ నాడు పద్మ దానికి కుంకుమ బొట్టు పెట్టింది. నేను విరుచుకుపడితే, "నీకేం పోయింది? మా ఇంట్ల స్కూటర్‌కు సుత పెడ్తం" అంది. అప్పటినుంచి నేనూ నజీరూ ఆమెతో మాట్లాడలేదు. పరీక్షలో మేడం ముందు బండి కిటికీ దాకా వచ్చి గీత వదిలేసి పక్కకు పోయింది.

"గీత చూసే సెన్సార్లల్ల కుంకుమ పడ్డది మేడం! ఈమె పూజతోనే ఖరాబైంది. ఈమెను తీసెయ్యండి, మాకు జెర ఇంకో చాన్స్ ఇయ్యండి" అన్నాడు నజీర్. ప్రాజెక్టు తప్పితే ఉద్యోగాలివ్వడానికి వచ్చే కంపెనీ ముందు కూర్చోనివ్వరు. మేడం పద్మను ఏకిపారేస్తారనే అనుకున్నాను.

"బండి తిరగేసి చూసేరేటి?"

మేడమే తిరగేశారు. సెన్సార్లు శుభ్రంగా మెరుస్తున్నాయి.

"ఎండ మేడం, సెన్సార్లకు గీత కానొస్తలేదు" అంది పద్మ మెల్లగా. "నిన్న ట్యూబ్‌లైట్ కింద మంచిగ నడిచింది. పొద్దున ఆ కిటికీ కాడ తప్పుతుంటే చూసిన. వీళ్లు నాతో మాట్లాడ్తలేరు, ఎట్ల చెప్పాలె?"

నజీర్ పరదా లాగాడు. బండి గీత చివరి దాకా నడిచింది.

మేడం బండికి నిండుగా మార్కులు వేసి, కలిసి పనిచేయడానికి ఉన్న మార్కుల్లో ముగ్గురికీ సున్నా పెట్టారు. బొటాబొటిగా గట్టెక్కాం. "నాకెందుకు మేడం?" అని పద్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"తెలిసీ నోరు మూసుకున్నావు కదమ్మా! వీళ్ళు అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఎవరికి తక్కువెయ్యమంటావు?"

వరండాలో మేడంను పట్టుకుని, పూజ తప్పు కాదా అని నిలదీశాను. "దాని సంగతి ఇంకో రోజు దెబ్బలాడుకుందాం బాబూ. పూజంటే నాకూ పడదు. పడదని చెయ్యని నేరం అంటగట్టేస్తే, మనం చేసింది మాత్రం ఏటి?" అన్నారు.

మూఢనమ్మకాల మీద ఇన్నేళ్ళుగా రాస్తున్నాను, సభల్లో మాట్లాడుతున్నాను. గొంతు అరిగింది, తాయెత్తుల బేరం తగ్గలేదు. నాకు నచ్చిన కారణం దొరికినప్పుడల్లా రాసేయడానికి చెయ్యి ఉరుకుతుంది. ఆపి, వెళ్ళి చూస్తాను, ఎదుటివాళ్ళను అడుగుతాను. ఒక్కోసారి సగం రాసిన వ్యాసం చించేయాల్సి వస్తుంది. మెత్తబడ్డావంటారు మా హేతువాద మిత్రులు. వాళ్ళతో వాదించే ఓపిక ఈమధ్య ఉండటం లేదు. చూడకుండా రాయడం మాత్రం ఇప్పటికీ చేతకావడం లేదు.