నేను చేయని ఫోన్

అమెరికాలోని ఆర్కాన్సాలో వ్యవసాయ శాస్త్రంలో మాస్టర్స్ చదువుతున్న ఆ రోజుల్లో, సిఫార్సు చేసిన పద్ధతులను రైతులు ఎందుకు పాటించరో నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. దాని మీద నాలుగు పేజీల ప్రశ్నావళి కూడా తయారుచేశాను. (అప్పటికి నేను స్వయంగా పండించింది కిటికీలో పుదీనా ఒక్కటే. అదీ ఎండిపోయింది.) ప్రశ్నావళితో పాటు ఒక ముసలి రైతు పొలంలో, మడిని కాస్త ఆరనిచ్చి మళ్లీ నీళ్లు పెట్టే ఆరుతడి వరి ప్రయోగం కూడా నాకు అప్పగించారు. మడిలో చిల్లుల గొట్టం పాతి, రోజు విడిచి రోజు వెళ్లి అందులో నీరు ఎంత లోతుకు దిగిందో కొలవాలి. ఆరు అంగుళాలకు దిగితే ఆయనకు ఫోన్ చేయాలి, ఆయన పంపు వేస్తాడు. "నలభై ఏళ్లుగా మట్టిని చూసి నీళ్లు పెడుతున్నాను, అబ్బాయ్," అన్నాడాయన. "ఈసారి గొట్టాన్ని చూద్దాం సర్. నేను ఫోన్ చేసేదాకా పంపు ముట్టుకోకండి," అన్నాను దర్జాగా.

సరిగ్గా వరి పూత మీద ఉన్న వారంలో అందరూ కెప్టెన్ అని పిలిచే మా రూమ్మేట్ తలుపు దగ్గర నిలబడ్డాడు. "అరే మామా, వీకెండ్ టోర్నమెంట్ ఉంది, నువ్వు ప్రాక్టీస్‌కి రాకుంటే ఓపెనింగ్ ఎవడు చేస్తాడ్రా? ఆ పైపు యాడికి పోతది?" పైపు ఎక్కడికీ పోలేదు. నేనే మూడు సార్లు పోలేదు. గదిలో పడుకుని సీలింగ్ కేసి చూస్తూ మూడు అంగుళాలు, మూడున్నర, నాలుగు అని రాసేశాను. (అంకెలు మరీ సమానంగా ఉంటే అనుమానం వస్తుందని ఆ అర.) టోర్నమెంట్‌లో రెండో బంతికే అవుటయ్యాను.

సోమవారం ప్రొఫెసర్‌తో కలిసి వెళ్లేసరికి మడి నెర్రెలు విచ్చి ఉంది. కంకుల్లో సగం తాలే అని తెలిసిపోతోంది. ప్రొఫెసర్ నా వైపు చూశాడు. నా డిగ్రీ, నా వీసా రెండూ కళ్లముందు తిరిగాయి. "రైతు టైమ్‌కి నీళ్లు పెట్టలేదు సర్," అనేశాను, ఆ రైతు పక్కనే ఉండగా. ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, "అవును, నాదే ఆలస్యం," అన్నాడు.

ప్రొఫెసర్ కారెక్కాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. "నెర్రెలు గురువారమే చూశాను. నువ్వు ఫోన్ చేయలేదు కదా, నీకేదో లెక్క ఉండి ఉంటుందిలే అని ఆగాను." అంతే. కోపం కూడా లేదు. కోప్పడి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. నిజం ప్రొఫెసర్‌కు చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ప్రయోగం మొదటికొచ్చింది, డిగ్రీ ఒక సీజన్ వెనక్కి పోయింది. ఆ పంట మాత్రం ఆయనకు తిరిగి రాలేదు.

ఇప్పటికీ నాది వరి రైతులకు సలహాలిచ్చే ఉద్యోగమే. కొత్తగా చేరిన కుర్రాళ్లు పొలం నుంచి విసుగ్గా వచ్చి, "మనం చెప్పేది ఈ రైతులు వినరేంటి అంకుల్?" అంటారు. చేతిలో ప్రశ్నావళితో సీలింగ్ కేసి చూసిన ఆ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆ వెంటనే తల వంగిపోతుంది.

"వినకేం," అంటాను. "ఒకాయన విన్నాడు."