బూట్ల కోసం బయల్దేరిన ఎడమకాలు

పాఠక మహాశయులకు సాష్టాంగ క్షమాపణలు. ఈ యాత్రాకథనంలో జలపాతం లేదు, మంచుకొండ లేదు, నల్లకళ్లద్దాలతో నా ఫొటో కూడా లేదు. పర్చూరు నుంచి గుంటూరు దాకా మా అక్క ఎడమకాలు చేసిన యాత్ర మాత్రమే ఉంది. సునీతక్క నాలుగు వందల మీటర్ల రన్నర్. నిరుడు బైకు మీంచి పడి ఎడమ మోకాలి వెనక రక్తనాళం తెగితే, కుడికాలి సిర తీసి అక్కడ అతికారు. అయినా మళ్లీ ట్రాక్ ఎక్కింది. ఆదివారం రాష్ట్ర జట్టు ఎంపిక అనగా, గురువారం సాయంత్రం ఆమె బూట్లు మాయమయ్యాయి. కొత్తవి కొనడానికి శుక్రవారం గుంటూరు బయల్దేరాం.

ఏడింటికి బస్సెక్కితే ఎనిమిదిన్నరకు చిలకలూరిపేట. అక్కకు ఉచిత ప్రయాణం, నాకు టికెట్ కొనే గౌరవం. టిఫిన్ బండి దాకా ఐదు నిమిషాల నడకలో అక్క మూడుసార్లు ఆగింది. ఒకసారి పత్తి లారీని, ఒకసారి మిల్లు గోడను, ఒకసారి ఏమీ లేని ఆకాశాన్ని చూసింది.

"కాలు బెణికిందా అమ్మాయ్? ఇటుక కాల్చి, గుడ్డలో చుట్టి పెట్టు. చిటికెలో దిగిపోద్ది," అంది ఇడ్లీలు పెడుతూ బండి పిన్ని.

"పాదం తిమ్మిరి పిన్నీ. కాలినా తెలీదు," అక్క నోరు జారింది.

"తిమ్మిరా? ఎప్పట్నించక్కా?"

అక్క ప్లేటు వైపే చూసింది. "పది రోజుల్నించి. రెండొందల అడుగులేస్తే పిక్క పట్టేస్తంది. ఆదివారం అయ్యాక చెబుదామనుకున్నా."

నేను నా ప్లేటు కింద పెట్టాను. రెండో ఇడ్లీ వదిలేసి తనే లేచింది. "బూట్లు తర్వాతలేరా. ముందు డాక్టర్ దగ్గరికి పద."

పదింటికి గుంటూరు. నిరుడు ఆపరేషన్ చేసిన సర్జన్ గారు చల్లబడిన పాదం మీద వేలు పెట్టి నాడి వెతికారు. దొరకలేదు. స్కాన్ చూసి, "అతుకు దగ్గర సన్నబడింది. పూర్తిగా మూసుకోకముందే వచ్చారు," అన్నారు.

"ఆదివారం పరిగెత్తొచ్చా సార్?"

"ముందు కాలు దక్కనీ అమ్మా."

ఆ మధ్యాహ్నమే బెలూన్‌తో నాళం తెరిచారు. మర్నాటికి పాదం వెచ్చబడింది. ఆదివారం అక్క వార్డులో పడుకుని గడియారం చూసింది తప్ప ఏడవలేదు.

ఆమె పతకాలన్నీ మా ఇంటి షోకేసులో ఉన్నాయి. సగం తిన్న ఇడ్లీ ముందు నిజం చెప్పినందుకు ఎవరూ పతకం ఇవ్వరు. ఇస్తే దాన్ని పైవరసలో పెడతాను. ఇలాంటి ఆపరేషన్ అయినవారికి ఒకే సలహా: నడిస్తే పిక్క పట్టినా, పాదం చల్లబడినా మర్దనాలు, కాపడాలు మాని, పాత ఆపరేషన్ కాగితాలతో ఆ రోజే సర్జన్‌ను కలవండి.

చుట్టాలంతా అక్క కాలు నిలబెట్టింది నేనేనంటున్నారు. నేను వినయంగా తల వంచుకుంటున్నాను. నిజానికి నేను చేసింది ఒక్కటే. గురువారం మెట్ల మీద పిక్క పట్టుకుని కూర్చున్న అక్కను చూసి, ఆమె బూట్లు మిరప బస్తాలో దాచాను. డాక్టర్ సరేనన్న రోజు తీసిస్తాను. అప్పటిదాకా నాన్న ఆ బస్తాను మిర్చి యార్డుకు తోలకుండా చూడాలి.