కుడి చెంప మీద మచ్చ

నా చిన్నప్పుడు నరసరావుపేటలో మా వీధిన అచ్చుకాగితం ఏది కనపడినా వదిలేదాన్ని కాదు. సినిమా వాళ్ళు రిక్షాకి మైకు కట్టుకుని రంగురంగుల కరపత్రాలు విసురుతూ పోతుంటే వెంటపడి పరుగెత్తేదాన్ని. అగ్గిపెట్టెల మీది బొమ్మలు, మందుసీసాల చీటీలు, పెళ్ళిళ్ళు అయిపోయాక ఎవరికీ పట్టని శుభలేఖలు, అన్నీ ఒక అట్టపెట్టెలో దాచేదాన్ని. మా అమ్మ దాన్ని చెత్తపెట్టె అనేది. అది చెత్త కాదని నమ్మిన మనిషి మా వీధిలో ఒక్కరే, పక్కింటి తాతయ్య.

ఆయన ఊళ్ళో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరుగా పనిచేసి మానుకున్నారు. భార్య ఏనాడో పోయారు, పిల్లలు లేరు. మాకు చుట్టం కాకపోయినా మా అమ్మ ఆయన్ని బాబాయ్ అనేది. ఇంట్లో ఏం వండినా ముందు ఒక గిన్నె ఆయనకి తీసిపెట్టేది. అమ్మ పుట్టి పెరిగిన ఇల్లే మా ఇల్లు, మా నాన్న ఇల్లరికం వచ్చారు. అందుకని ఆ గిన్నె నాకంటే చాలా ముందు నుంచీ ఆ గోడ దాటుతూనే ఉండేది.

తాతయ్య ఇంట్లో ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. తన చేతిమీదుగా అచ్చయిన కాగితాలు ఒక్కో ప్రతి అందులో దాచారు. ఆదివారాలు నన్ను కూర్చోబెట్టుకుని వాటిని ఎట్లా చదవాలో చెప్పేవారు. ఒక శుభలేఖ అడుగున చిన్న అక్షరాల్లో, నకరికల్లులో బస్సు దిగినవారికి ఎడ్లబండ్లు సిద్ధంగా ఉండును అని ఉండేది. నాలుగేళ్ళ తర్వాత అదే ఇంటి రెండో పిల్ల పెళ్ళికి బండ్ల ప్రస్తావనే లేదు. ఈలోపు ఊళ్ళోకి రోడ్డు పడిందన్నమాట అనేవారు. ఇంకో శుభలేఖలో కరెంటు దీపాల వెలుగులో వివాహం అని పెద్ద అక్షరాలతో వేయించారు. ఆ ఊరికి ఆ ఏడే కరెంటు వచ్చి ఉంటుంది, లేకపోతే అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారని నవ్వేవారు. ముప్పాళ్ళలో ఎడ్ల పందేల కరపత్రం, కలరా సూదులు వేయించుకోమనే ప్రకటన, పోయిన ముసలమ్మ పెద్దకర్మ కార్డు, అన్నీ ఆయన చేతిలో మాట్లాడేవి. ఎవరూ దాచుకోరనే ధైర్యంతో జనం ఇట్లాంటి కాగితాల్లో ఉన్నదున్నట్టు వేయిస్తారని ఆయన అనేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం, మధ్యాహ్నం పూట, పెట్టె అడుగున పరిచిన పాత పేపరు కింద చెయ్యి పెట్టాను. నాలుగు మడతలు పెట్టిన కరపత్రం ఒకటి దొరికింది. కింది భాగం చెద తినేసింది, అందులో ఉండాల్సిన చిరునామా లేదు. పైన ఉన్నది మాత్రం బాగానే కనపడుతోంది. నాకు మైకు వాడిలాగా చదవడం సరదా. లేచి నిలబడి గట్టిగా చదివాను. "బాలిక కనబడుట లేదు. వయసు ఆరు సంవత్సరములు. కోటప్పకొండ తిరునాళ్ళలో తప్పిపోయినది. ఆకుపచ్చ పరికిణీ ధరించి ఉన్నది. కుడి చెంప మీద చింతగింజంత కాలిన మచ్చ కలదు. బుజ్జీ అని పిలిచిన పలుకును."

కుడి అనే మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది. ఒకసారి కాదు, కాగితం చిరిగేదాకా చుట్టారు. అదేంది తాతయ్యా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అది ఎడమ అని ఉండాలమ్మా," అన్నారు.

మా అమ్మ ఎడమ చెంప మీద చింతగింజంత మచ్చ ఉంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహం. అయినా ఆ కాగితం చదువుతున్నంతసేపూ నాకు అమ్మ తోచనేలేదు. ఆ ఒక్క మాట మారేసరికి ఆ పిల్ల అమ్మేనని తెలిసిపోయింది. అమ్మ చిన్నప్పుడు తప్పిపోయిందని మా ఇంట్లో ఏనాడూ ఎవరూ అనలేదు.

మిగిలింది ఆయన తల వంచుకునే చెప్పారు. బిడ్డ తప్పిపోయిన రోజు మా సొంత తాత నేరుగా ప్రెస్సుకి పరుగెత్తుకొచ్చాడట. నోట మాట రాక, మచ్చ ఎక్కడ అంటే తన ఎడమ చెంప మీద వేలు పెట్టి చూపించాడట. ఎదురుగా నిలబడి ఉన్న ఈయన అది తన కుడిచేతి వైపు కనపడింది కాబట్టి కుడి అని పేర్చేశారు. "రోజూ చూసే పిల్లే. ఆ గాబరాలో నాకు మొహం గుర్తుకు రాలా," అన్నారు. కరపత్రాలు రైల్లో మాచర్ల దాకా వెళ్ళాయి. తిరునాళ్ళ జనంలో పడి రైలెక్కిన పిల్ల అక్కడే ఒక టీకొట్టు ఆవిడ దగ్గర రెండు రోజులు ఉంది. కాగితం చూసి, ఈ పిల్ల ఆ పిల్ల కాదనుకుని, పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీల పనికి వెళ్ళే మొగుడూపెళ్ళాలకి అప్పజెప్పింది. వాళ్ళు మంచివాళ్ళే, కన్నబిడ్డలా చూసుకున్నారు. ఏడు నెలల తర్వాత తెలిసినవాళ్ళెవరో గుర్తుపట్టి ఇంటికి తెచ్చారు. అప్పటికి మా అమ్మమ్మ బెంగతో మంచం పట్టి పోయి మూడు నెలలయింది.

తిరిగొచ్చిన పిల్ల మొహం చూశాక గానీ ఆయనకి తన తప్పు తెలియలేదు. ఆ రోజు నుంచీ తను పేర్చిన ప్రతి కాగితం ఒకటి ఇంటికి తెచ్చుకుని, ఎవరూ అడక్కపోయినా మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు. నేను అపురూపమనుకున్న పెట్టె అట్లా నిండింది.

ఇంటికి పరుగెత్తాను. అమ్మ పెరట్లో మిరపకాయలు తొడాలు తీస్తోంది. దాచుకోవడం చేతగాక ఉన్నదంతా చెప్పేశాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను, లేదా గోడ మీదుగా కేకలేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం ఆ కాగితం తనకి తెలుసంది. టీకొట్టు ఆవిడ కాగితం పక్కన పెట్టుకుని తన గడ్డం పట్టి మొహం అటూ ఇటూ తిప్పి చూడటం ఆమెకి గుర్తుందట. తర్వాత చదువు వచ్చాక తండ్రి పెట్టెలో మిగిలిన కరపత్రం ఒకటి కనపడితే చదువుకుందట. అప్పుడు ఆమెకి పదేళ్ళు.

మరి ఆయనకి రోజూ కూర ఎందుకు పంపుతున్నావని అడిగాను. తల్లి పోయిన కొత్తలో తనకి జడలు వేసి బడికి పంపింది ఆ తాతయ్య భార్యేనని చెప్పింది. కాసేపటికి ఆమె చేతిలో మిరపకాయ అట్లాగే ఆగిపోయింది.

"ఆయనకి తెలియదనుకున్నానే. తెలిస్తే తట్టుకోలేడని నేను నోరెత్తలా. తెలిసి కూడా ఇన్నేళ్ళు ఒక్కడే మోస్తన్నాడా?"

అమ్మ మొహంలో అంతటి నివ్వెరపాటు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. చేతులు కూడా కడుక్కోకుండా లేచి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. తాతయ్య ఇంకా పెట్టె ముందే ఉన్నారు. ఆమెని చూసి లేవబోయి లేవలేకపోయారు. అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"బాబాయ్, అది నేను ఎప్పుడో చదివా," అంది. "నీ మీద కోపం ఉంటే ఇన్నాళ్ళు నీ గడప తొక్కుతానా?"

ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పెద్ద మగమనిషి అట్లా వెక్కడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ తర్వాత ఆయన మూడేళ్ళు బతికారు. పోయేముందు ట్రంకుపెట్టె నాకిచ్చారు. దానికి నేను చేర్చిన కాగితాలతో ఇప్పుడు మా ఇంట్లో ఒక గదే నిండింది.

నాకిప్పుడు డెబ్భై దాటాయి. మనవరాలు నేర్పితే ఫోన్లో వాట్సాప్ చూస్తుంటాను. పిల్లాడు తప్పిపోయాడు, నలుగురికీ పంపండి అని ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. అందరూ క్షణంలో పంపేస్తారు. నేను మాత్రం ముందు అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తాను. వయసెంత, ఏ చొక్కా, మచ్చ ఏ పక్క అని అడుగుతాను. ముసలిదానికి చాదస్తమని ఇంట్లో నవ్వుకుంటారు. అవతల ఫోనెత్తిన తల్లి మాత్రం ఒక్కసారీ విసుక్కోలేదు.