ఆఖరి వంతెన దాకా

ఆదివారం మధ్యాహ్నం యాంగోన్‌లో మా తామ్వే పేటలో కరెంటు ఉందంటే అది నా అదృష్టం. లేకపోతే ఫోనూ గొడుగూ పట్టుకుని కందోజీ చెరువు గట్టుకు పోతాను. అక్కడ సిగ్నలు కాస్త నిలుస్తుంది. నాకు మధ్యాహ్నమయ్యే వేళకి ఇంగ్లండులో మా ఆయనకు పొద్దున. బూట్లు కట్టుకుని అక్కడి కాలవ గట్టు మీదికొచ్చి వీడియో కాల్ చేస్తాడు. మొహం చూపించడు మహానుభావుడు. నేరుగా నీళ్లే చూపిస్తాడు.

"ఏటే, కనబడతన్నాదా?"

"నీళ్లు కనబడతన్నాయి. నువ్వెక్కడ మావా? నీ మొహం సూసి ఎన్నాళ్లయింది?"

"నా మొహానికేటి, పెళ్లయిన కాణ్నుంచీ సూస్తన్నావు కదా. ఇదిగో, బాతుల్ని సూడు."

బాతుల్నే చూస్తాను. ఏం చేస్తాను మరి? ఆయన ఆ గట్టు మీద నడుస్తుంటే నేను ఈ గట్టు మీద నడుస్తాను.

మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, అప్పట్లో రంగూననే ఈ ఊరి రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చినవాళ్లు. మేం ఇక్కడే పుట్టాం, ఇక్కడే పెరిగాం. ఆయన మా మేనమామ కొడుకు. అందుకే పెళ్లికి ముందూ మావాయే, తర్వాతా మావాయే. ఇక్కడే లత అనే పేటలో ఒక ఇనుపసామాన్ల కొట్లో పనిచేసేవాడు. ఆ కొట్టు మూతపడ్డాక, ముసలివాళ్లకు సేవ చేసే పని నేర్చుకుని ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో వృద్ధాశ్రమంలో ఉద్యోగం సంపాదించాడు. పిల్లలు లేనివాళ్లం, మాకు మూటాముల్లె ఎంతని? ఆయన వెనకే నేనూ వెళ్లిపోయాను.

వెళ్లిన కొత్తలో ఆ ఊరంటే నాకు ఒళ్లు మండేది. సాయంత్రమయ్యేసరికి కొట్లన్నీ కట్టేస్తారు. వీధిలో పురుగు కనబడదు. యాంగోన్ గోలలో పుట్టి పెరిగిన మనిషిని, అంత నిశ్శబ్దంలో నిద్రెక్కడ పడుతుంది? "నన్ను తెచ్చి శ్మశానంలో పడీసినావు మావా" అని రోజూ పోట్లాట. ఊరి వెనక ఒక పాత కాలవ ఉందని, దాని గట్టు మీద ఎంత దూరమైనా నడవొచ్చని ఆశ్రమంలో ఒక ముసలావిడ ఆయనకు చెప్పిందట. ఓ ఆదివారం నన్ను బలవంతాన లాక్కుపోయాడు.

కాలవంటే మా వీధి చివర మురుక్కాలవ లాంటిదేననుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ బయల్దేరాను. తీరా చూస్తే తేటగా, కదులుతున్నాయో లేదో తెలియని నీళ్లు. అటూ ఇటూ చెట్లు, చెట్లవతల ఆవులు. సన్నగా పొడుగ్గా ఉండే పడవలు. వాటి కప్పుల మీద పూలకుండీలు, కట్టెల మోపులు, ఒకదాని మీద నన్ను లెక్కచెయ్యని ఓ పిల్లి. నేల ఎత్తు మారే ప్రతిచోటా లాకులు. పడవ లోపలికి రాగానే తలుపులు మూసేసి, నీళ్లు నింపి పడవని పైకి లేపుతారు. ఆ తలుపుల్ని తెరవాలంటే వాటికున్న పొడుగాటి దూలానికి నడ్డి ఆనించి వెనక్కి తొయ్యాలి. పడవవాళ్లు అలిసిపోయి కనబడితే మేమూ ఓ చెయ్యి వేసేవాళ్లం. చెయ్యి కాదులెండి, నడ్డే.

గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాను. పై ఆదివారం నేనే ముందు బూట్లు కట్టుకున్నాను.

ఆ వంతెనలన్నీ ఇటుకవే, పాతవి. ఒక వంతెన మూలన ఇనుప బద్ద మీద లోతుగా గాట్లు పడి ఉన్నాయి. గుర్రాలు పడవల్ని లాగిన రోజుల్లో తాళ్లు ఒరుసుకుని పడ్డ గాట్లట. ఆ గుర్రాలు ఎంత కష్టపడ్డాయో పక్కనే బోర్డు మీద రాసిపెట్టారు. ఆయన ఒక గాట్లో వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు.

"తాత మెడ మీద కాయుండేది, గేపకముందా? మనోడికి బోర్డు ఎవులూ ఎట్టనేదు."

"గుర్రమై పుట్టాల్సింది," అన్నాను.

ఇద్దరం పగలబడి నవ్వాం. కదిలే ముందు ఆయన ఆ గాటుని ఇంకోసారి తడిమాడు.

ఇంకో ఆదివారం కాలవ పక్క పొలంలో పాడుబడ్డ క్రైస్తవ మఠం ఒకటి కనబడింది. కప్పు లేదు. గోడలున్నాయి, పెద్ద పెద్ద కిటికీల్లోంచి ఆకాశం కనబడుతోంది. గేటు దగ్గరికి రాగానే ఒకరికొకరం చెప్పుకోకుండానే బూట్లూ మేజోళ్లూ విప్పేశాం. పగోడాకి వెళ్లినా కోవెలకి వెళ్లినా గేటు దగ్గరే చెప్పులు విడిచే ఊళ్లో పుట్టాం. పాడుబడినంత మాత్రాన దేవుడి ఇల్లు కాకుండా పోతుందా? తడిగడ్డిలో బూట్లు చేత పట్టుకుని తిరుగుతుంటే, కుక్కతో వచ్చిన ఒక పెద్దాయన ఆగి, కాళ్లు బొబ్బలెక్కాయేమోనని పాపం జేబులోంచి మందుపట్టీ తీసి ఇవ్వబోయాడు. మా ఆయన తనకొచ్చిన ఇంగ్లీషులో సంగతి చెప్పేలోగానే నేను దురదగొండి మొక్కల్లో కాలు పెట్టేశాను.

"ఓలమ్మో, సచ్చీపోనాను మావా!"

నా కేకకి గోడల మీది కాకులన్నీ లేచిపోయాయి. ఆ పెద్దాయనే ఏదో వెడల్పాటి ఆకు తెచ్చి నలిపి రాసుకోమన్నాడు. మంట తగ్గింది. ఇంటికెళ్లేదాకా మా ఆయన ఆ కేకని అనుకరిస్తూనే ఉన్నాడు.

అలా అలా ఆ కాలవ మొత్తం కలిసి నడిచెయ్యాలని ఇద్దరికీ పంతం పట్టుకుంది. ఒక్కో ఆదివారం ఒక్కో ముక్క. ఆగిన చోటికి పై వారం బస్సులో వెళ్లి అక్కణ్నించి మొదలుపెట్టేవాళ్లం. ఊరబెట్టిన తేయాకు కలిపిన అన్నం డబ్బాలో పెట్టుకెళ్లి లాకు దూలం మీద కూర్చుని తినేవాళ్లం. కాలవ చివర ఒక పెద్ద నదిలో కలుస్తుందని విన్నాం. ఆ ఆఖరి ముక్క ఒక్కటీ మిగిలేసరికి చలికాలం వచ్చి గట్టంతా బురదయిపోయింది. ఎండలు రానీ, పులిహోర కట్టుకుని పండగలాగ వెళ్దాం అనుకున్నాం.

ఎండలు రాకముందే ఇక్కడ మా అమ్మ మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. చూసేవాళ్లెవరూ లేరు. నేనొచ్చేశాను. ఆపరేషను, మంచం, మళ్లీ ఆపరేషను. అమ్మ లేచి కూర్చునేసరికి నా వీసా గడువు తీరిపోయింది. ఆలోగా అక్కడ రూలు మారింది. వృద్ధుల సేవకి వచ్చేవాళ్లు కొత్తగా భార్యనీ పిల్లల్నీ తెచ్చుకోకూడదట. ఎవరిని తిట్టాలో తెలియక గిన్నెల్ని తిట్టాను.

అప్పట్నించీ మాకు ఈ ఫోను నడకలే. మేం కలిసి నడిచిన ముక్కలే ఆయన ఒక్కొక్కటీ మళ్లీ నడుస్తాడు. మేం కలిసి చేరిన ఆఖరి వంతెన దగ్గరికొస్తే మాత్రం ఆగిపోతాడు.

"ఇక్కడితో ఆపీద్దామే. అవతలిది నువ్వొచ్చాక."

"అలగే మావా."

ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు. అయినా నాకు ఆ మాట కావాలి. వారమంతా దానికోసం చూస్తాను. ఫోనులో నీళ్లు కనబడతాయి గాని వాసన రాదు. తడి ఆకుల వాసన, పడవ గొట్టాల్లోంచి వచ్చే బొగ్గుపొగ వాసన, మా ఆయన తడి కోటు వాసన, ఇవేవీ రావు. చలికి తిట్టుకుంటూ ఆయన జేబులో చెయ్యి పెట్టుకుని నడిచిన దారి అది. ఇక్కడ ఉక్కలో చెరువు చుట్టూ తిరుగుతూ నాకు ఆ చలి కావాలనిపిస్తుంది. ఏడిస్తే ఆయన ఫోను పెట్టేస్తాడని ఏడవను.

మొన్న వానల్లో ఒక ఆదివారం, ఫోను ఎత్తగానే నీళ్లు కాదు, మొహం కనబడింది.

"ఏటయ్యింది?"

"ఆశ్రమం మూసీస్తన్నారే. ఏరే ఊళ్లో పని దొరికింది. శానా దూరం, పైన సముద్రం కాడ. ఈ వారంలోనే ఎల్లిపోవాల. ఇక్కడికి మళ్లీ రాను." ఆయన వెనక ఆఖరి వంతెన కనబడుతోంది. సన్నగా జల్లు పడుతోంది. "మరేటి సేద్దాం? ఈ ముక్క నడిచీమంటావా, వొగ్గీమంటావా?"

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. "నాను నేకుండా ఎలగ నడుస్తావు? నీకు సిగ్గు నేదా? ఇన్నాళ్లూ నువ్వొచ్చాక, నువ్వొచ్చాక అన్నావు, అదంతా ఉత్తదేనా?" అని అరిచాను. ఆయన ఏదో అనబోతుండగా కరెంటు పోయింది. లైను తెగిపోయింది.

చీకటి వంటింట్లో ఫోను చేతపట్టుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు చేసినా కలవదు. లోపలి గదిలో అమ్మ మంచినీళ్లడిగింది, ఇచ్చాను. మందు బిళ్ల వేశాను. ఆ మందూ ఈ ఇంటి అద్దే అన్నీ ఆయన జీతమే. ఎంతసేపటికో వీధి పిల్లలంతా "మీ లాబీ!" అని కేకలు పెట్టారు. కరెంటొచ్చిందని బర్మా భాషలో ఈ ఊరు ఊరంతా అరిచే అరుపది. మళ్లీ కలిపాను.

ఆయన అక్కడే ఉన్నాడు. వంతెన కింద గోడకానుకుని, తడిసి ముద్దయి.

"నీకేటి పిచ్చా? బస్సెక్కీనేకపోనావా?"

"నువ్వు సెప్పనేదు కదే," అన్నాడు. మొహం మీది వాన తుడుచుకుని, "నడిచీమంటావా? నేకపోతే అన్నీ వొగ్గేసి ఒచ్చీమంటావా? ఒచ్చీమంటే రేపే టిక్కెట్టు కొనీస్తాను," అన్నాడు.

ఇన్నాళ్లూ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నాను. వచ్చెయ్యి అని ఎన్నిసార్లు పక్క మీద ఒంటరిగా పైకే అనుకున్నానో. ఒకసారి వచ్చాడంటే మళ్లీ బయటికి ఈ మిలట్రీ ప్రభుత్వం పోనిస్తుందన్న నమ్మకం ఈ రోజుల్లో ఎవరికీ లేదు. లోపల అమ్మ దగ్గుతోంది. వచ్చెయ్యి అనడానికి నోరు తెరిచాను కూడా.

"నడు మావా," అన్నాను.

"నువ్వొచ్చాక అనుకున్నాం కదే."

"నాను రాను. రానివ్వరు. నీకూ తెల్సు. నడు. నాకు సూపించొద్దు, ఫోను జేబులో ఎట్టీసుకో."

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎదురింటావిడ ఏమిటోనని గుమ్మం దాకా వచ్చి, చూసి, వెనక్కెళ్లిపోయింది. కాసేపటికి తెర నల్లబడింది. జేబులో గుడ్డ రాపిడి, తర్వాత వంతెన కింద మోగుతున్న అడుగులు, తర్వాత ఆ మోత పోయి కంకర మీద బూట్ల చప్పుడు. ఇన్నాళ్లూ ఆయన ఏ చోటు చూపించినా, ఆ మలుపు తిరిగితే లాకు, లాకు పక్కన ఆపిల్ చెట్టు అని నేనే ముందు చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరో ఆయన్ని పలకరించారు, ఆయన బదులు చెప్పాడు. ఎక్కడో నీళ్లు దూకుతున్నాయి. అది లాకో, వాగో, ఆ నదేనో నాకు తెలియదు. మా ఆయన నేను నడవని చోట నడుస్తున్నాడు.