హెరాల్డ్ అంకుల్ వాళ్ళ నాన్న బంతి

తడిసిన తోలు వాసన నాకు పడదు. ఇక్కడ కమ్మింగ్ అనే ఊళ్ళో మా అబ్బాయి వానలో బేస్‌బాల్ ప్రాక్టీస్ చేసి, నానిన తోలు గ్లవ్ కార్‌లో పడేశాడంటే చాలు, ఇన్నేళ్ళయినా సిగ్గుతో నా చెవులు వేడెక్కుతాయి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బాతెల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. వేసవి వచ్చిందంటే కంచె పొడుగునా బ్లాక్‌బెర్రీలు మాగేవి, అమ్మ పెరట్లో ఎండబెట్టిన వడియాల మీద కాకులు వాలేవి, పక్కింటి హెరాల్డ్ అంకుల్ కంచె అవతల కుర్చీ వేసుకుని వాటిని తోలుతూ నాకు వాళ్ళ నాన్న కథలు చెప్పేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ నాన్నగారు బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్. బొగ్గు గనుల ఊళ్ళో ఆదివారాలు ఆడుతూ పెద్ద జట్లకెక్కారట. పొగాకు నమిలి, ఆ ఉమ్మి బంతికి పూసి విసిరితే, తిన్నగా వస్తున్నది కాస్తా బ్యాట్ దగ్గర గభాలున కిందికి జారిపోయేదట. అప్పట్లో అది తప్పు కాదు. తర్వాత నిషేధించారు, భుజమూ అరిగిపోయింది, మిగిలిన బతుకంతా ఆయన బేకరీలో రొట్టెలు కాల్చారు.

సెలవులయ్యాక స్కూల్లో చూపించమని అంకుల్ వాళ్ళ నాన్న ఆఖరి ఆటలో విసిరిన బంతి నా చేతిలో పెట్టారు. పొగాకు మరకలో ఆ నాన్నగారి రెండు వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. నాన్నవి తన దగ్గర ఇంకేమీ మిగల్లేదు, జాగ్రత్త అన్నారు.

నేను పరుగున వచ్చి, దాన్ని టేబుల్ మీద పెట్టి, ఉమ్మి సంగతంతా అమ్మకి గొప్పగా చెప్పాను. అమ్మ మంచినీళ్ళు కూడా గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగే మనిషి.

"ఛీ ఛీ! ఎవరి ఎంగిలో తెచ్చి అన్నం తినే చోట పెడతావుటే? పోయి స్నానం చెయ్యి ముందు!"

తల తుడుచుకుంటూ వచ్చేసరికి బంతి సింక్‌లో ఉంది. వేడినీళ్ళు, సబ్బు, గిన్నెలు తోమే పీచు. తోలు ఉబ్బిపోయింది. మరక లేదు, వేళ్ళ గుర్తులూ లేవు.

"చూడు, ఎంత తెల్లగా వచ్చిందో!" అని అమ్మ మురిసిపోయింది. నేనెందుకు ఏడుస్తున్నానో ఆవిడకి అర్థం కాలేదు. బంతిని కొత్త తువ్వాల్లో చుట్టి, డబ్బాలో పకోడీలు పెట్టుకుని, నన్ను లాక్కెళ్ళి తనే ఇచ్చింది.

"వెరీ డర్టీ, హెరాల్డ్ గారూ. ఐ క్లీన్ చేశా!"

అంకుల్ బంతిని తిప్పి తిప్పి చూశారు. వేళ్ళు ఆనించే చోటు వెతుక్కుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన కళ్ళు నిండాయి. "థాంక్యూ" అన్నారు. భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు అంకుల్ లేరు. ఆ కంచె పీకేసి, ఆ ఇల్లు పడగొట్టి టౌన్‌హోమ్‌లు కట్టేశారు. అమ్మ మా దగ్గరే ఉంటోంది. మొన్న మావాడిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"పక్కింటాయన బంతి తోమిచ్చానురా. ఎంత సంతోషపడ్డాడో, పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"రియల్లీ, అమ్మా?" అని వాడు నావైపు చూశాడు.

"అవున్రా" అన్నాను, తలెత్తకుండా.