పెద్దబాపు నాలుక చెప్పిన మాట

మూడో పీరియడ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. "మామ పోయిండు. నువ్వు జల్ది రా," అంది పక్కింటి వదిన, పెద్దబాపు కోడలు. బోర్డు మీద సగం రాసిన వాక్యాన్ని అలాగే వదిలేసి హన్మకొండలో ఆటో ఎక్కాను. దారంతా ఏడుపు రాలేదు, భయం వేసింది. పెద్ద వయసు మనిషి పోతే భయమెందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

పెద్దబాపు అని పిలుస్తానే గానీ, ఆయన మా నాన్నకు సొంత అన్న కాదు. మాకూ వాళ్లకూ మధ్య ఒక్క గోడ. మా వాడలో మగ్గాలకు కావలసిన నూలుకు రంగు వేసే షెడ్డు ఒకటుంది. అందులో నూలు ముంచే నీలిరంగు గోలెం ఆయనది. ఆయనది అంటే సొంతమని కాదు, ఆయన తప్ప వేరేవాళ్లు అందులో చెయ్యి పెట్టరని. ఆయన రంగు వేసిన నూలుతోనే మా నాన్న బట్ట నేస్తాడు. ఆ బట్టను ఒక పెద్ద చొక్కాల కంపెనీ కొంటుంది. చొక్కా మెడకు వేలాడే అట్టముక్క మీద ఈ బట్ట వల్ల నేలకు మేలు, నేసినవాళ్లకు మేలు అని ఇంగ్లీషులో ఉంటుంది. నేను చదివి చెబితే, "నేసినోళ్లకేనా? రంగేసినోళ్లు మనుషులు గారా?" అని పెద్దబాపు పడీపడీ నవ్వాడు.

గోలెంలో రంగు కుదిరిందో లేదో ఆయన నాలుకతో చూసేవాడు. చూపుడువేలు ముంచి, నాలుక కొసకు తాకించి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, పక్కకు ఉమ్మేసేవాడు. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి అది. ఆ నాయన కాలంలో గోలెంలో పడింది నీలిమందు, సున్నం, బెల్లం. ఈయన కాలానికి కాస్టిక్ సోడా వచ్చింది, పేర్లు పలకడానికి రాని డబ్బా పొడులు వచ్చాయి. అయినా వేలు నోట్లోకి వెళ్లడం ఆగలేదు. "కండ్లు మోసం చేస్తయ్ బిడ్డా, నాలికె చెయ్యది," అనేవాడు.

అన్నిటినీ రుచి చూసే మనిషి. పొద్దున నల్లాలో ధర్మసాగర్ చెరువు నీళ్లు రాగానే దోసిట పట్టి, "ఇయ్యాల మందు ఎక్కువేసిండ్రు" అని వాడంతా చాటింపు వేసేవాడు. నేను ఇంటర్ పాసయ్యానని లడ్డూలు పట్టుకెళితే, "డాల్డావి తెచ్చినవ్, నెయ్యివి గావు" అని మొహం మీదే అన్నాడు. అని మూడు తిన్నాడు. నా పుస్తకాలు కట్టుకోవడానికి ఎప్పుడూ రంగునూలు పోగులు తెచ్చి ఇచ్చేవాడు. "మా బిడ్డ ఇంగ్లిష్ మాట్లాడ్తాంటే నల్లా ఇప్పినట్టే ఉంటది," అని షెడ్డులో గొప్పలు పోయేవాడు.

ఆ ఇంగ్లీషుతోనే నేను ఆయన నోరు మూశాను.

రెండేళ్ల కింద చొక్కాల కంపెనీ తరఫున ఆడిట్ మేడమ్ వచ్చింది. రంగునీళ్లు ఎటు పోతున్నాయి, పనిచేసేవాళ్లు ఎట్లా ఉన్నారు అని చూసి రాసుకుపోవడం ఆమె పని. తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం. మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి షెడ్డు సేటు నన్ను పిలిచాడు. వెళ్లేసరికి మురుగు మోరీ మీద కొత్త బండలు పరిచి ఉన్నాయి. రంగునీళ్లు తేరుకోవాల్సిన తొట్టిలో ట్యాంకర్ నీళ్లు తళతళలాడుతున్నాయి. అందరి చేతులకూ మడతలు కూడా పోని కొత్త గ్లౌజులు. సేటు నాకు చాయ్ పోసి, "అబద్ధం జెప్పుమంటలేను. జర చూసుకొని చెప్పు. ఆర్డర్ పోతే మీ నాయిన మగ్గం గూడ ఆగుతది," అన్నాడు.

మేడమ్ చెడ్డ మనిషేం కాదు. కుర్చీ వద్దని గోలెం పక్కన నేల మీదే కూర్చుని, రంగు కుదిరిందని మీకెట్లా తెలుస్తుంది అని అడిగింది. ఎన్నేళ్లుగానో ఎవరూ అడగని ప్రశ్న అది. పెద్దబాపు గ్లౌజులు తీసేసి మరీ చెప్పాడు. వాళ్ల నాయనతో మొదలుపెట్టి సున్నం ఘాటు, బెల్లం వాసన, ఇప్పటి మందు నాలుకను ఎట్లా పట్టుకుంటుందో అంతా చెప్పాడు. "ఈ నడుమ నాలికె మొద్దుబారింది. ఉప్పు దెల్వది, కారం దెల్వది. అందుకే కోడల్ని నాకి చూడుమంటాన. దానికి మంచిగ దెలుస్తాంది," అన్నాడు. షెడ్డులో పనిచేసే వదిన అక్కడే తలవంచుకుని నూలు పిండుతోంది.

నేను మేడమ్ వైపు తిరిగి, టెస్ట్ పేపర్ వాడతారు అన్నాను. ఆమె టిక్కు పెట్టుకుంది.

"నేను గంత సేపు చెప్తే నువ్వు రెండు ముక్కల్ల ఒడగొట్టినవేంది?" అన్నాడు పెద్దబాపు.

"ఇంగ్లిష్ల గంతే పెద్దబాపు."

"మంచి భాష. నోరు నొయ్యది," అన్నాడు. నమ్మాడు.

షెడ్డుకు మంచి మార్కులు వచ్చాయి, ఆర్డర్ నిలిచింది. గ్లౌజులు మాత్రం ఆ సాయంత్రమే అట్టపెట్టెలోకి వెళ్లిపోయాయి. పెద్దబాపు ఇంట్లో ఉప్పు గొడవలు ముదిరాయి. ఆయన కూరలో ఉప్పు లేదనడం, పెద్దమ్మ ఇంకా వేయడం, తరువాత ఆమె ఒక ముద్ద తిని తూ అని ఉమ్మడం. గోడ ఇవతల మేం నవ్వుకునేవాళ్లం. నాలుక పక్కన పుండు లేచి నెలలైనా మానకపోయేసరికి నవ్వులు ఆగాయి.

పెద్ద దవాఖానకు నేనే తోడు వెళ్లాను. జర్దా, గుట్కా, బీడీ ఏం అలవాటు అని డాక్టర్ అడిగాడు. "దేవుని మీద ఒట్టు సారు, ఒక్క బీడీ ముట్టలే," అంది పెద్దమ్మ. అందరూ అట్లాగే అంటారన్నట్టు ఆయన ఏదో రాసుకున్నాడు. పక్కనే నేనున్నాను. ఈయన నలభై ఏళ్లు రంగుమందు నాలుక మీద వేసుకున్నాడు సార్ అని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. దవాఖాన చిట్టీ మీద ఆ మాట ఎక్కితే ఆడిట్‌లో నేనన్న మాట బయటపడుతుందని, మా నాన్న మగ్గం ఆగుతుందని భయపడ్డాను. రోగం రంగు వల్లే వచ్చిందని ఏ డాక్టరూ అనలేదు, నిజమే. వాళ్లకు ఆ సంగతి చెప్పినవాళ్లెవరు?

చివరి రోజుల్లో మాట పడిపోయింది. ఒక పొద్దున చెంచాతో జావ పోశాను. గోలెం దగ్గర మూసుకున్నట్టే కళ్లు మూసుకుని, జావను నోట్లో ఆపుకున్నాడు. చాలాసేపు రుచి వెతుక్కున్నాడు. ఏమీ తెలియడం లేదని తల అడ్డంగా ఊపాడు. నన్ను క్షమించు పెద్దబాపూ అనాలని నోటిదాకా వచ్చింది. కానీ నేనన్నది, ఇంకో చెంచా తాగమని.

వచ్చే వారం ఆడిట్ మేడమ్ మళ్లీ వస్తోంది. మాట చెప్పడానికి నన్నే రమ్మన్నారు. కర్మ అయిన మర్నాడు మా బడి ల్యాబ్‌లో అడిగి, పిల్లలు ప్రయోగాల్లో వాడే, మందు ఘాటును బట్టి రంగు మారే లిట్మస్ కాగితాలు తీసుకుని షెడ్డుకు పోయాను. నేనన్న అబద్ధాన్ని ఆలస్యంగానైనా నిజం చేద్దామన్న ఆశ. నీలి గోలెం దగ్గర ఇప్పుడు వదిన ఉంది. కాగితం ముంచమన్నాను. ముంచి తీసింది. కొసదాకా నీలిరంగు పట్టి, మా మొహాల ముందే ఇంకా చిక్కబడింది. ఇంకో కాగితం కూడా అంతే. నీలిలో ముంచిన కాగితం నీలిగా కాక ఇంకేమవుతుంది? ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పిన నాకు ఆ మాత్రం తట్టలేదు.

"గిదేం చెప్పింది?" అంది వదిన.

"వదినా, మేడమ్‌కు ఈసారి అంతా చెప్త. పెద్దబాపు చెప్పింది చెప్పినట్టు చెప్త," అన్నాను.

"చెప్పు. ఆర్డర్ పోతే మీ నాయిన ఏం నేస్తడు? నా పిల్లలు ఏం తింటరు? గది గూడ ఆమెనే అడుగు," అంది కోపంగా. అయినా చెబుతాను. ఇక్కడ రాసేస్తే మేడమ్ వచ్చిన రోజు వెనక్కి తగ్గలేనని రాస్తున్నాను.

అటు పక్క నూలు చిలపల కట్టలు తడిపి సిద్ధంగా ఉన్నాయి. సేటు రెండుసార్లు కేకేశాడు. వదిన తడి కాగితాలను నా చేతిలో పెట్టి, కొంగుకు వేలు తుడుచుకుని, గోలెంలో ముంచి నాలుకకు తాకించుకుంది. అచ్చం ఆయనలాగే కళ్లు మూసుకుంది. పక్కకు ఉమ్మేసి నా మొహం చూసింది. ఏం కనిపించిందో ఏమో, గొంతు మెత్తబడింది.

"ఫికర్ జెయ్యకు. నాకింకా ఉప్పు తెలుస్తాంది," అంది.