చితకని నిమ్మకాయ

ఆ రోజుల్లో కెనడాలోని ఎడ్మంటన్‌లో మాలాంటి స్టూడెంట్ల నోట 'రాదు' అనే మాట వచ్చేది కాదు. ఉన్న పార్ట్‌టైమ్ ఉద్యోగాలు నాలుగైతే అడిగేవాళ్ళం నలభైమందిమి. అందుకని పిజ్జా చేయడం వచ్చా అంటే వచ్చు, ఫోర్క్‌లిఫ్ట్ వచ్చా అంటే వచ్చు. (అదేమిటో ఇంటికెళ్ళాక ఫోన్లో చూసుకునేవాళ్ళం.) నేను అద్దెకున్న బేస్‌మెంట్ ఒక రిటైరైన గుండె డాక్టరు గారిది. ఓ ఆదివారం ఆ అంకుల్ మెట్ల మీద నుంచి "ఏమయ్యా, నీకు గేర్ కారు వచ్చా?" అని కేకేస్తే, అదే అలవాటులో తల ఎత్తకుండానే "వచ్చంకుల్, కరీంనగర్ల మా మామయ్య కారు నేనే నడిపేటోణ్ణి" అనేశాను. నిజానికి మామయ్య కారును నేను కడిగేవాణ్ణి. నా లైసెన్సు కెనడాలో, గేర్లు మార్చే పనే లేని ఆటోమేటిక్ కారు మీద వచ్చింది.

సంగతేమిటంటే, క్రొయేషియా సముద్రతీరం వెంట కారులో తిరగాలన్నది ఆంటీ ఎన్నో ఏళ్ళ కోరిక. అంకుల్‌కు ఎడమ మోకాలి ఆపరేషన్ అయింది, క్లచ్ తొక్కలేరు. అక్కడేమో ఆ సీజన్లో ఆటోమేటిక్ కారు దొరకలేదు. "టికెట్టు మాది, స్టీరింగు నీది" అంటూ అంకులే నా వీసా కాగితాలు పెట్టించారు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కు ఆంటీ వాళ్ళ ఆటోమేటిక్ కారు నా చేతే నడిపిస్తూ వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు; ఆ తర్వాత బజారు పనులకూ నేనే డ్రైవర్ని. నేను వీడియోలు చూస్తూ, స్టూలు మీద కూర్చుని ఎడమ కాలితో లేని క్లచ్ తొక్కడం సాధన చేశాను. నిజం చెప్పేద్దామని రెండుసార్లు మెట్లెక్కాను. రెండుసార్లూ ఆంటీ మ్యాపు పరుచుకుని ఊళ్ళ మీద చుక్కలు పెట్టుకుంటున్నారు. చెప్పకుండానే దిగొచ్చాను.

స్ప్లిట్ అనే ఊళ్ళో దిగాం. ఎదురుగా సముద్రం, పక్కన మా అద్దె కారు. ఏదైనా ఖాళీ సందు చూసుకుని అక్కడ నేర్చేసుకుందామని నా ఎత్తు. ఇంతలో ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి నాలుగు నిమ్మకాయలు తీసి, నాలుగు చక్రాల కిందా పెట్టారు.

"అద్దె కారుకు కూడానా?" అన్నారు అంకుల్.

"ప్రాణాలు మనవే కదండీ."

ఇదేం తంతో చూద్దామని కార్లిచ్చే ఆఫీసులోని అమ్మాయి కూడా బయటికొచ్చి నిలబడింది. నేను దేవుణ్ణి తలుచుకుని క్లచ్ మీది నుంచి కాలు తీశాను. కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆగింది. మూడోసారి ఎగిరేసరికి, ఒక ముందు చక్రం దగ్గరి నిమ్మకాయ చితక్కుండా దొర్లుకుంటూ వెళ్ళి ఆ అమ్మాయి బూటు దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి, తుడిచి, కిటికీలోంచి నాకు అందించింది. అంత మర్యాదగా నా పరువు ఎవరూ తీయలేదు.

"అంకుల్, నాకు గేర్ బండి రాదు" అన్నాను.

"బస్సులెక్కి దిగడం ఈ మోకాలితో నా వల్ల కాదు. ఇక వెనక్కి పోవడమే" అన్నారు అంకుల్. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆంటీ ముఖం చూసే ధైర్యం లేక స్టీరింగు వైపు చూస్తూ కూర్చున్నాను.

నా పక్క తలుపు తెరుచుకుంది. "దిగు బాబూ" అన్నారు ఆంటీ. బ్యాగులోంచి తన లైసెన్సూ, నా దానిలాంటిదే కొత్త పర్మిటూ తీసి ఆ అమ్మాయికిచ్చి, డ్రైవరుగా తన పేరు రాయమన్నారు.

"నువ్వా? నువ్వు స్టీరింగు పట్టి ముప్పై ఏళ్ళయింది కదే" అన్నారు అంకుల్.

"పట్టనిచ్చారా? చలికాలం మంచు అన్నారు, ఎండాకాలం ట్రాఫిక్ అన్నారు. పెళ్ళికి ముందు కోనసీమ కాలవగట్ల మీద మా నాన్నగారి కొబ్బరికాయల జీపు నడిపిందాన్నండీ నేను."

నిమ్మకాయను మళ్ళీ చక్రం కింద పెట్టించి, నాలుగూ చితికేలా మెత్తగా కారు కదిలించారు. ఐదు రోజులు, ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం. ఇరుకు మలుపులో బస్సు ఎదురొస్తే, కాలవగట్టు మీద ఎడ్లబండికి దారిచ్చినట్టు తాపీగా వెనక్కి వెళ్ళి దారిచ్చారు. పక్కసీట్లో అంకుల్ కుడి కాలు, అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. నేను వెనకసీట్లో ఆంటీ వెంట తెచ్చిన రైస్ కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని పులిహోర వడ్డించాను. ఆ ప్రయాణంలో నాకు వచ్చిన పని అదొక్కటే.

ఆఖరి రోజు సముద్రం ఒడ్డున, అబద్ధం చెప్పినందుకు క్షమించమన్నాను. ఆంటీ నవ్వారు. "నీకు రాదని నాకు ఎడ్మంటన్‌లోనే తెలుసు. గేర్ బండి నడిపినవాడు మా ఆటోమేటిక్ కారెక్కితే ఎడమ కాలు ఊరుకోదు బాబూ, క్లచ్ కోసం వెతుక్కుంటుంది. నీ కాలు మొదటి రోజు నుంచీ హాయిగా నిద్రపోయింది."

"మరి అంకుల్‌కు చెప్పలేదేం ఆంటీ?"

"చెబితే, నిజంగా గేర్ బండి వచ్చినవాణ్ణి వెతికి తెచ్చేవారు."

ఇప్పుడు నాకు గేర్ కారు వచ్చు. (నిజంగానే. సెలవుల్లో కరీంనగర్‌లో ఎల్ బోర్డు కారెక్కి నేర్చుకున్నాను.) మొన్న మా ఆవిడకు లైసెన్సు రెన్యువల్ కాగితం వస్తే, "నువ్వెలాగూ నడపవు కదా" అన్నాను. తను కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆ బ్యాగును చూడగానే నాకు స్ప్లిట్ గుర్తొచ్చింది. మర్నాడు కారు తాళం ఆమె చేతికిచ్చి పక్కసీట్లో కూర్చున్నాను. చక్కగానే నడిపింది. నా కుడి కాలే, దారి పొడుగునా లేని బ్రేకును తొక్కుతూ కూర్చుంది.